గ్రాఫిక్స్ నేర్చుకున్నం సరే, కథలు అటక మీదనే ఉన్నయి

హాస్టల్‌లో రాత్రి పదకొండు దాటినంక ఏ రూమ్ ముందు నిలబడ్డా ఇదే ముచ్చట. డ్యూన్ మూడో భాగం ఎట్లుంటది, త్రీ బాడీ ప్రాబ్లమ్ తర్వాతి సీజన్ ఎప్పుడొస్తది, హ్యారీ పాటర్‌ని మళ్ళీ సిరీస్‌గా తీయడం అవసరమా. "ఈ పుస్తకాన్ని ఎవరైనా తెర మీదికి తెస్తే బాగుండు" అనే లిస్టు మనలో చాలామంది దగ్గర ఉంటుంది. మిస్ట్‌బార్న్ తీయాలని ఒకరంటారు, ఫౌండేషన్ సరిగ్గా తీయలేదని ఇంకొకరు గొడవపడతారు. నేను కూడా అందులో గంటలు గంటలు కూర్చుంట.

కానీ ఆ లిస్టుల్లో తెలుగు పుస్తకం ఒక్కటి కూడా ఉండదు. ఎందుకుండదు అని అడిగితే వచ్చే జవాబు కూడా ఒక్కటే: "తెలుగులో అసలు ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ పుస్తకాలు ఉన్నాయా?"

ఉన్నాయి. మస్తుగ ఉన్నాయి. ఈ వ్యాసం వాటి గురించే. తెలుగులో ఫాంటసీ సినిమాలకు కరువు లేదు, తెలుగు ఫాంటసీ పుస్తకాల నుంచి వచ్చిన సినిమాలకే కరువు. ఆ కరువు వల్ల సినిమా ఎంత నష్టపోతోందో, మనలాగా ఇంగ్లీష్ మీడియంలో చదివినోళ్ళు అంతకన్నా ఎక్కువ నష్టపోతున్నారని నా అభిప్రాయం.

ముందుగా లెక్క చూద్దాం

గత కొన్నేళ్ళలో మనం థియేటర్‌కి పోయి ఈలలేసిన ఫాంటసీ సినిమాలు గుర్తు చేసుకోండి. బాహుబలి రెండు భాగాలు (2015, 2017), బింబిసార, కార్తికేయ 2, ఒకే ఒక జీవితం (మూడూ 2022), హను-మాన్, కల్కి 2898 ఏడీ (రెండూ 2024). వీటికి కథ ఎక్కడి నుంచి వచ్చింది? కొన్నింటికి రామాయణ, మహాభారతాల నుంచి. మిగతావాటికి డైరెక్టర్, రైటర్ల బుర్రల నుంచి. ఒక తెలుగు రచయిత రాసిన ఫాంటసీ నవల హక్కులు తీసుకొని, దాన్ని తెరకు మలిచిన సినిమా ఈ లిస్టులో లేదు.

సొంత కథ రాసుకోవడం తప్పని నేను అనట్లేదు. ఈగ (2012) లాంటి ఐడియా ఏ పుస్తకంలోనూ లేదు, అయినా అదిరిపోయింది. కానీ ఫాంటసీకి ఒక కష్టం ఉంది. కొత్త లోకం కట్టాలి. ఆ లోకానికి రూల్స్ పెట్టాలి. మంత్రానికి హద్దు ఎక్కడ, ఆయుధానికి ఖరీదేమిటి, విలన్‌కి ఏం కావాలి, ఇవన్నీ తేల్చాలి. స్క్రిప్ట్ రాసే కొన్ని నెలల్లో ఇదంతా ఒక టీమ్ చేయాలి. అందుకే మన ఫాంటసీ సినిమాల్లో చాలాసార్లు ఫస్టాఫ్‌లో నోరు తెరుచుకొని చూస్తాం, సెకండాఫ్‌లో ఫోన్ తీస్తాం. మన భాషలో చెప్పాలంటే అది టెస్ట్ చేయకుండా రిలీజ్ చేసిన కోడ్.

పత్రికలో సీరియల్‌గా వచ్చిన కథ వేరు. నెల నెలా చదివేవాళ్ళ ముందుకు పోయి, ఎక్కడ విసుగొచ్చినా దొరికిపోయే కథ అది. ఏళ్ళ తరబడి అలా నిలబడిందంటే బగ్స్ చాలావరకు పోయినట్టే. ఆ లోకం, ఆ రూల్స్, ఆ మలుపులు అన్నీ సిద్ధంగా ఉంటాయి. మనోళ్ళు మాత్రం ప్రతిసారీ జీరో నుంచి మొదలుపెడతారు.

ఒకే గోడకు అటు ఇటు

ఈ విషయంలో నాకు అన్నిటికన్నా వింతగా అనిపించేది చందమామ కథ.

చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పెట్టింది బి. నాగిరెడ్డి, చక్రపాణి. పాత సినిమాల టైటిల్స్ చూసే అలవాటున్నోళ్ళకి ఈ పేర్లు తెలుసు. పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) తీసిన విజయా సంస్థ వాళ్ళు వీళ్ళే. వడపళనిలో పత్రిక, సినిమా స్టూడియో పక్కపక్కనే ఉండేవి. అంటే దేశంలో పిల్లలకు బాగా నచ్చిన ఫాంటసీ పత్రిక, తెలుగులో గొప్ప ఫాంటసీ సినిమాలు, రెండూ ఒకే యజమానులవి.

ఇంకో ముచ్చట. పాతాళభైరవి గాల్లోంచి పుట్టలేదు. దాని మూలం మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో ఉంది. పింగళి నాగేంద్రరావు గారు దాన్ని సినిమాకు తగ్గట్టు మలిచారు, కె.వి. రెడ్డి గారు తీశారు. మూలంలోది ఎంత ఉంచారు, ఎంత మార్చారు అన్నది వేరే చర్చ. తెలుగువాళ్ళు డెబ్బై ఏళ్ళకు పైగా మర్చిపోని మాంత్రికుడి సినిమాకు వెనకాల ఒక తెలుగు పుస్తకం ఉందన్నది మాత్రం నిజం.

ఆ తర్వాత ఏం జరిగింది? 1954లో చందమామలో తోకచుక్క అనే సీరియల్ మొదలైంది. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం గారు. ఆ తర్వాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. మొత్తం పన్నెండు. ఈ పేర్లు వరుసగా చదివితేనే ఒక ఓటీటీ హోమ్ పేజీ చూసినట్టు లేదూ? ఆయన ఐదు దశాబ్దాలకు పైగా చందమామలో పనిచేశారు, 2010లో కన్నుమూశారు. సీరియళ్ళు వచ్చేటప్పుడు వాటి మీద ఆయన పేరు వేయలేదు. లక్షల మంది పిల్లలు ఆయన లోకాల్లో పెరిగారు గానీ ఆయనెవరో వాళ్ళకు తెలియదు.

సీరియళ్ళున్నది ఒక పక్క, కెమెరాలు, సెట్లు, మార్కస్ బార్ట్‌లీ లాంటి కెమెరామన్ ఉన్నది ఇంకో పక్క. మధ్యలో గోడ. ఆ గోడ దాటి ఈ సీరియళ్ళు రాలేదు. 1994లో భైరవద్వీపం వచ్చింది. బ్యానర్ పేరే చందమామ విజయా కంబైన్స్. సింగీతం శ్రీనివాసరావు గారు తీశారు. ప్రతి సీన్‌లో చందమామ వాసన వస్తుంది. కానీ ఆ కథ రావి కొండలరావు గారిది, పన్నెండు సీరియళ్ళలోది కాదు.

పక్క రాష్ట్రం సంగతి చూడండి. కల్కి కృష్ణమూర్తి గారి పొన్నియిన్ సెల్వన్ 1950 నుంచి 1954 దాకా తమిళ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. అది ముగిసిన ఏడాదే మన తోకచుక్క మొదలైంది. తమిళులు ఆ పుస్తకాన్ని వదల్లేదు. తీయాలని తరాల తరబడి ప్రయత్నించారు, చివరికి మణిరత్నం 2022, 2023లో రెండు భాగాలుగా తీశారు. మలయాళంవాళ్ళు ఐతిహ్యమాలలో ఉన్న కళ్ళియంకాట్టు నీలి కథను పట్టుకొచ్చి 2025లో లోకా అనే సూపర్ హీరోయిన్ సినిమా చేశారు. చైనాలో లియు త్సిషిన్ త్రీ బాడీ ప్రాబ్లమ్ కూడా ముందు పత్రికలో సీరియలే. 2008లో పుస్తకమైంది, 2014లో ఇంగ్లీష్‌లోకి పోయింది, 2015లో హ్యూగో అవార్డు తెచ్చుకుంది, 2023లో చైనాలో, 2024లో నెట్‌ఫ్లిక్స్‌లో సిరీస్ అయ్యింది. మన హాస్టల్ ముచ్చట్లలోకి వచ్చింది అట్లనే. పత్రికలో పుట్టిన కథ అంత దూరం పోగలదు, ఎవరైనా పట్టుకొని నడిపిస్తే.

నా లిస్టు

ఇక నా లిస్టు. ప్రతిదానికీ ఎట్లా తీయాలో కూడా చెప్తా, ఎందుకంటే "సినిమా తీయండి" అని ఊరికే అనడం ఈజీ.

మొదటిది తోకచుక్క. ఆకాశంలో తోకచుక్క కనిపిస్తుంది. కుండలినీ ద్వీపం సేనాని సమరసేనుడు ఓడల మీద బయల్దేరతాడు. దూరాన ఒక ద్వీపంలో ఇద్దరు మాంత్రికులు ఒకరితో ఒకరు కొట్లాడుతుంటారు. ఒకడికి ఒకటే కన్ను, పేరు ఏకాక్షి. ఇంకొకడికి నాలుగు, పేరు చతుర్నేత్రుడు. మామూలు సైనికులు వీళ్ళిద్దరి మధ్యలో ఇరుక్కుంటారు. నాకు ఇందులో నచ్చేది అదే. హీరోకి దేవుడి వరం లేదు, పూర్వజన్మ లేదు, వంశం పేరు చెప్పి తొడగొట్టడం లేదు. తనకన్నా ఎన్నో రెట్లు బలమున్న రెండు శక్తుల మధ్య తన మనుషుల్ని బతికించుకోవాలి. దీన్ని స్టార్‌తో సినిమాగా తీస్తే సమరసేనుడికి ఇంట్రో సాంగ్ పెడతారు, కథ పోతుంది. యానిమేషన్ సిరీస్‌గా తీయాలి. చందమామలో చిత్రా గారు వేసిన బొమ్మల తీరులోనే పాత్రలుండాలి. ఆ కిరీటాలు, ఓడలు, గుడ్లురిమే రాక్షసులు, ఒక డిజైన్ టీమ్‌కి కావాల్సిన రెఫరెన్స్ అంతా ఆ బొమ్మల్లోనే ఉంది.

రెండోది కాశీమజిలీ కథలు. పన్నెండు భాగాలు. మణిసిద్ధుడనే యతి కాశీకి నడిచిపోతుంటాడు, తోడు ఒక పశువుల కాపరి పిల్లగాడు. ప్రతి మజిలీలో ఆ పిల్లగాడు ఊళ్ళో తిరిగి ఏదో ఒక వింత చూసొచ్చి "ఇదేంది, దీని వెనక కథేంది?" అని అడుగుతాడు. యతి చెప్తాడు. ఆ కథలో ఇంకో కథ, దాంట్లో మరో కథ. సీఎస్ఈ వాళ్ళకు ఒక్క మాటలో చెప్పాలంటే రికర్షన్. లోపలి కథ ముగిసి, ఒక్కొక్కటే రిటర్న్ అవుతూ బయటికొస్తాం. వెబ్ సిరీస్‌కి ఇంతకన్నా రెడీమేడ్ నిర్మాణం ఏముంటుంది? ఒక మజిలీ, ఒక ఎపిసోడ్. ప్రతి ఎపిసోడ్‌కి వేరే డైరెక్టర్. ఒకటి హారర్, ఒకటి కామెడీ, ఒకటి ప్రేమ కథ. కలిపి ఉంచేది ఆ ఇద్దరి నడక. పాతాళభైరవి ఒక్కటే ఆ గనిలోంచి తీసిన పెద్ద వజ్రం. మిగతా గని అట్లనే ఉంది.

మూడోది విశ్వనాథ సత్యనారాయణ గారి హాహాహూహూ. విశ్వనాథ అనగానే మనకు వేయిపడగలు, అర్థం కాని భాష, ఇంటర్‌లో భయపెట్టిన పాఠం గుర్తొస్తాయి. ఇది చిన్న నవల. తెల్లదొరలు మనల్ని ఏలుతున్న రోజుల్లో, గుర్రం తల, మనిషి ఒళ్ళు, రెక్కలు ఉన్న ఒక గంధర్వుడు లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పడతాడు. జనం గుమిగూడతారు. వాళ్ళకు అతను ఒక వింత జంతువు. పట్టి బోనులో పెడతారు. అతనేమో వాళ్ళ నాగరికత గురించి వాళ్ళనే ప్రశ్నలడుగుతాడు. అవతలి లోకం నుంచి వచ్చినోణ్ణి భూమ్మీది మనుషులు ఎట్లా చూస్తారనే కథ ఇది. అరైవల్, డిస్ట్రిక్ట్ 9 సినిమాలు చూసి మనం మురిసిపోయిన పాయింట్. వాటికన్నా ఎన్నో ఏళ్ళ ముందు, బ్రిటిష్ ఇండియాలో కూర్చొని ఒక తెలుగు రచయిత దాన్ని లండన్ నడిబొడ్డున పెట్టాడు. ఎవరు జంతువు, ఎవరు మనిషి అని లెక్క తిప్పేశాడు. వెల్చేరు నారాయణరావు గారు దీన్ని ఇంగ్లీష్‌లోకి తెచ్చారు కూడా. దీనికి వందల కోట్లు అక్కర్లేదు. ఒక బోను, బాగా డిజైన్ చేసిన ఒక గుర్రం ముఖం, మంచి డైలాగ్ రైటర్, రెండు గంటలు. అంతే.

నాలుగో చోట రెండు నవలలు పెడతా, రెండూ వీక్లీల కాలంలో పేరు తెచ్చుకున్న రచయితలవి. ఒకటి యండమూరి వీరేంద్రనాథ్ గారి చీకట్లో సూర్యుడు. అంతరిక్షం నేపథ్యంలో రాసిన సైన్స్ ఫిక్షన్. 1980ల్లో మన సినిమావాళ్ళు యండమూరి నవలల కోసం క్యూ కట్టారు. అభిలాష (1983), ఛాలెంజ్ (1984), మరణమృదంగం (1988) అట్లా వచ్చినవే. తులసి నవల కాష్మోరా అయ్యింది. అంటే నవల కొనే అలవాటు మనకు లేక కాదు. క్రైమ్ కొన్నారు, లవ్ కొన్నారు, చేతబడి కొన్నారు, అంతరిక్షం దగ్గరికొచ్చేసరికి ఆగిపోయారు. అప్పుడు తీయడం కష్టం, ఒప్పుకుంటా. 2018లో అంతరిక్షం 9000 కేఎంపీహెచ్ తీసినప్పటికే ఆ కష్టం చాలావరకు పోయింది. రెండోది మల్లాది వెంకట కృష్ణమూర్తి గారి నత్తలొస్తున్నాయి జాగ్రత్త. పేరు విని నవ్వకండి. ఆఫ్రికన్ జెయింట్ స్నెయిల్ అనే నత్త నిజంగానే ఉంది, పంటల్ని నమిలేస్తుంది, మన దేశంలోనూ రైతుల్ని ఏడిపిస్తోంది. రైతు ఇంట్లో పుట్టినోళ్ళకు పురుగు అంటే ఏంటో తెలుసు. గాడ్జిల్లా మన ఊరికి రాదు, నత్త వస్తుంది. భయం అక్కడే ఉంది.

ఐదోది పుస్తకం కాదు. కాగితం మీదికి పూర్తిగా రాని పుస్తకం అనుకోండి: ఒగ్గు కథ. మాది మోత్కూర్. మా దిక్కు మల్లన్న కథ, బీరప్ప కథ, ఎల్లమ్మ కథ చెప్తే రాత్రంతా నడుస్తది. డోలు, తాళాలు, చేతిలో ఒగ్గు, ఒక్కడే మనిషి క్షణంలో రాజు, క్షణంలో రాక్షసుడు, మరు క్షణంలో ఏడ్చే తల్లి. మా పక్కనే ఉన్న జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య గారు ఈ కళకు పెద్ద దిక్కు. 2017లో పోయారు. ఒగ్గు కథలో దేవుళ్ళు మన మాట మాట్లాడతారు, గొర్లు కాస్తారు, అలుగుతారు, అబద్ధాలు కూడా ఆడతారు. ఆరు ఎపిసోడ్ల సిరీస్‌కి కథకుడే సూత్రధారి. డోలు కొట్టినప్పుడు సీన్ మారుతుంది. ఎడిటింగ్ ఎట్లా చేయాలో కూడా కథలోనే ఉంది. ఇది కొత్త ఐడియా అని కూడా అనలేం. పల్లెల్లో చెప్పుకునే బాలనాగమ్మ కథను జెమిని వాళ్ళు 1942లోనే సినిమా తీసి హిట్టు కొట్టారు. చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు ఇప్పటికీ గుర్తున్నాడు గదా.

మాంత్రికుడు మా యాసలో మాట్లాడకూడదా?

ఒగ్గు కథ ముచ్చట తెచ్చింది ఇంకో కారణానికి. మన ఫాంటసీ సినిమాల్లో రాజులంతా ఒకే తెలుగు మాట్లాడతారు. అర్ధ గ్రాంథికం, గట్టిగా. టైమ్ మెషిన్ ఎక్కినోడు, రోబో తయారుచేసినోడు సిటీ తెలుగు మాట్లాడతారు. తెలంగాణ యాస చాలా ఏళ్ళు కమెడియన్ దగ్గర, రౌడీ దగ్గర ఆగిపోయింది. బలగం, దసరా (రెండూ 2023) వచ్చినంక అది మారింది. యాస ఉన్నా ఏడిపించొచ్చని, హీరోయిజం చూపొచ్చని తేలింది. కానీ ఫాంటసీలో, సైన్స్ ఫిక్షన్‌లో అది ఇంకా అలవాటు కాలేదు. ఊహకు ఒకే యాస ఉంటుందని ఎవరు చెప్పారు?

లొకేషన్ల సంగతి కూడా అంతే. శిథిలాలయం తీయాలంటే గ్రీన్ మ్యాట్ ఎందుకు? రాచకొండ గుట్టల్లో పద్మనాయకుల కోట కూలిన గోడలతో అట్లనే ఉంది. ఒకే పెద్ద బండ మీద కట్టిన భువనగిరి కోట ఉంది. బస్సు కిటికీలోంచి చూసే గుండ్లు, తాళ్ళు, వాన పడితేనే పారే బిక్కేరు వాగు, ఇవన్నీ మాకు రోజూ కనిపించేవి కాబట్టి మామూలుగా అనిపిస్తయి. న్యూజిలాండ్ వాళ్ళకు వాళ్ళ గుట్టలు కూడా మామూలుగనే ఉండి ఉంటయి, లార్డ్ ఆఫ్ ది రింగ్స్ వచ్చేదాకా.

మీరు అడగబోయే ప్రశ్నలు

బడ్జెట్ ఎక్కడిది? అన్నీ సినిమాలే కావాలని నేను అనట్లేదు. ఛోటా భీమ్ తయారైంది హైదరాబాద్‌లో, గ్రీన్ గోల్డ్ యానిమేషన్‌లో. 2008 నుంచి దేశమంతా పిల్లలు చూస్తున్నారు. 2025లో మహావతార్ నరసింహ అనే యానిమేషన్ సినిమాను పెద్దోళ్ళు కూడా థియేటర్‌కి పోయి చూశారు. చేతులు మన దగ్గరే ఉన్నాయి, చూసేవాళ్ళూ ఉన్నారు.

రాజులు, మాంత్రికులు పాత చింతకాయ పచ్చడి కాదా? గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో ఉన్నది రాజులు, మాంత్రికులే. నిద్ర మానుకొని చూసినం గదా.

ఉన్నది ఉన్నట్టు తీయాలా? వద్దు. నా అభిమానానికీ ఒక హద్దుంది. ఆ సీరియళ్ళలో ఆడవాళ్ళకు పని చాలా తక్కువ. రాకుమారి అంటే ఎవరో ఎత్తుకుపోవాలి, ఎవరో విడిపించాలి. అడవి జాతులను చూపిన తీరు కూడా ఇవాళ చూస్తే ఇబ్బందిగానే ఉంటుంది. విశ్వనాథ గారి అభిప్రాయాల్లో నేను ఒప్పుకోనివి చాలా ఉన్నాయి. తెరకు మలచడమంటే ఫొటోకాపీ తీయడం కాదు. కథ ఎముకలు ఉంచి, ఈ కాలం ప్రశ్నలు దానికి వేయాలి. డ్యూన్ నవల 1965ది. 1984లో ఒకసారి తీశారు, సరిగ్గా కుదరలేదు. 2021లో మళ్ళీ తీసినప్పుడు ఆడపాత్రలకు ఎక్కువ చోటిచ్చారు, లియెట్ కైన్స్ అనే పాత్రనైతే ఆడమనిషిగానే మార్చారు. పుస్తకం ఏమీ చెడిపోలేదు.

హక్కుల సంగతి? ఇది నిజమైన అడ్డంకి. చందమామ 2007లో ముంబై కంపెనీ జియోడెసిక్ చేతికి పోయింది, కొన్నేళ్ళకే ప్రచురణ ఆగిపోయింది. ఏ సీరియల్ తీయాలన్నా ముందు లాయర్ దగ్గరికే పోవాలి. విశ్వనాథ గారు 1976లో పోయారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయినంక అరవై ఏళ్ళు, అంటే 2036 చివరిదాకా ఆయన పుస్తకాలకు హక్కుదారుల అనుమతి కావాలి. కాశీమజిలీ కథలకు ఆ బాధ లేదు. దీక్షితులు గారు పోయి తొంభై ఏళ్ళు దాటింది. ఎవరైనా తీయొచ్చు, మనం కూడా.

అసలు అడ్డంకి ఇవేవీ కాదని నాకనిపిస్తుంది. మన ఇండస్ట్రీలో కథ చదవరు, వింటారు. హీరో ముందు కూర్చొని రెండు గంటలు నోటితో చెప్పాలి. అక్కడ బాగా చెప్పగలిగినోడి కథ ఓకే అవుతుంది. మూడొందల పేజీల పుస్తకం ఆ గదిలోకి పోలేదు. పుస్తకాలు చదివి "ఇందులో సినిమా ఉంది" అని చెప్పే ఉద్యోగం హాలీవుడ్‌లో ఉంది. మన దగ్గర ప్రతి ప్రొడక్షన్ హౌస్‌లో అలాంటి మనిషి ఒక్కడుంటే సగం సమస్య తీరుతుంది.

ఇది మన సమస్య ఎందుకు?

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఇంగ్లీష్ పేజీ ఒకటి చదివే టైమ్‌లో తెలుగు పేజీ సగమే చదువుత. మీలో చాలామంది పరిస్థితి ఇదే, కొందరికి ఇంకా కష్టం. మా నాయిన తరం చందమామ కోసం కొట్లాడుకుంది. మా తరానికి ఆ పేరు తెలుసు, లోపల ఏముందో తెలియదు. మన తర్వాతోళ్ళకు పేరు కూడా తెలియదు. చదివేవాళ్ళు తగ్గితే పుస్తకం మళ్ళీ అచ్చు కాదు. అచ్చు కాకపోతే చదివేవాళ్ళు ఇంకా తగ్గుతారు. ఈ లూప్‌కి ఎగ్జిట్ కండిషన్ ఒక్కటే, ఎవరో ఒకరు మధ్యలో తలుపు తెరవాలి. మనలాంటోళ్ళకు ఆ తలుపు స్క్రీనే. పొన్నియిన్ సెల్వన్ సినిమా చూసినంక పుస్తకం వెతుక్కున్న తెలుగువాళ్ళు మన హాస్టల్‌లోనే ఉన్నారు. వాళ్ళు తమిళ నవల అనువాదం చదివారు, తోకచుక్క చదవలేదు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకు ఎవరూ చూపించలేదు.

1991లో సింగీతం గారు ఆదిత్య 369 తీసేటప్పటికి తెలుగువాళ్ళకు టైమ్ మెషిన్ కొత్త. కాలేజీ రోజుల్లో చదివిన హెచ్.జి. వెల్స్ నవల ఆయన బుర్రలో అన్నేళ్ళు ఉండిపోయింది. దాన్ని ఆయన కృష్ణదేవరాయల సభకు, 2504కి నడిపించారు. కాలేజీలో చదివిన ఒక పుస్తకం చేసిన పని అది. ఇవాళ మన కాలేజీలో ఎవరు ఏం చదువుతున్నారో, ముప్పై ఏళ్ళ తర్వాత తెలుగు తెర మీద అదే కనిపిస్తుంది.

అందుకే ఒక ప్రపోజల్. మన క్లబ్‌లో ఈ సెమిస్టర్ ఒక మజిలీ ఎంచుకుందాం. కాశీమజిలీ కథల నుంచే, హక్కుల గొడవ లేదు కాబట్టి. భాష కష్టమైతే నలుగురం కూర్చొని చదువుదాం, తెలియని మాట సీనియర్లను అడుగుదాం. పదిహేను నిమిషాల ఆడియో డ్రామాగా రాద్దాం. కెమెరా అక్కర్లేదు, ఫోన్ మైక్, దుప్పటి కప్పిన రూమ్ చాలు. ఈసీఈ వాళ్ళు సౌండ్ చూసుకోండి, మేము ఎడిటింగ్, అప్‌లోడ్ చూసుకుంటాం. బాగొస్తే రెండో మజిలీకి పోదాం, బాగా రాకపోతే కారణం తెలుసుకొని మళ్ళీ చేద్దాం.

మణిసిద్ధుడికి కొంచెం పెద్ద గొంతు కావాలి. పశువుల కాపరి పిల్లగాడికి మాత్రం ఏ యాసైనా ఫర్వాలేదు, ప్రశ్నలు అడగడం వస్తే చాలు. పేర్లు క్లబ్ గ్రూప్‌లో ఇవ్వండి.